గోడలో మూడు తీగలు

మా ఇంటి పాత వైరింగు తీయిస్తున్నాను. చెక్కబద్దెల మీద పరిచిన తీగలన్నీ పీకేసి, గోడలను చెక్కి గొట్టాలు దింపి, వాటిలో కొత్త తీగలు లాగుతారట. నిన్న ఆ పనివాళ్లలో ఒకడు పాలకుండలు పెట్టుకునే పాలగూడు దగ్గర ఉలితో కొడుతూ కొడుతూ ఆగిపోయాడు.

“అమ్మా, జర ఇటు రా. గోడల చీనా గొట్టం ఉన్నది. అండ్లకెల్లి మూడు తీగలు అవతలి ఇంట్లకు పోతున్నయ్. మీ ఇంటి తీగలు ఆ ఇంట్లకు ఎందుకు పోతయ్?”

దగ్గరికి వెళ్లి చూశాను. తెల్లని పింగాణీ గొట్టం, దాని నోట్లో మూడు తీగల కొసలు. రబ్బరు ఎండి బెరడులా రాలుతోంది. కొంచెం గిల్లి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఇన్నేళ్లయినా ఆ వాసన పోలేదు.

“తెంపాల్నా?”

“ఆగు,” అన్నాను. “ముందు చాయ్ తాగుపో.”

అతను పోయాక నేను ఆ గూటి ముందే పీట వేసుకుని కూర్చున్నాను.

మా గల్లీ ఉప్పుగూడ స్టేషనుకు పోయే తోవలో ఉంది. అప్పట్లో మా ఇంట్లో సగం మనుషులకు, సగం బర్రెలకు. పక్కిల్లు బెల్లం, చింతపండు టోకున అమ్మే షావుకారిది. రెండిళ్లకూ నడుమ ఒకే గోడ. వాళ్ల బెల్లం వాసన మా ఇంట్లోకి వస్తే మేము ఏనాడూ ఏమీ అనలేదు. మా పేడ వాసన అటు పోయినప్పుడల్లా షావుకారి భార్య గోడ అవతలి నుంచి వినబడేలా ఉమ్మేది.

నేను బడికి పోలేదు. ఆడపిల్లకు బడేమిటని ఎవరూ పంపలేదు. సేరు, అర్ధసేరు, పావుసేరు కొలవడంలో లెక్క వచ్చింది. ముగ్గు చుక్కలు పెట్టడంలో గీత వచ్చింది. అక్షరాలు తర్వాత మా అన్న పాత పలక మీద వచ్చాయి. బాపు పాలు పితికితే నేను కొలిచేదాన్ని, అమ్మ ఇళ్లకు పోసి వచ్చేది. దాణా నానిన వాసన, కుడితి వాసన, పొయ్యి మీద జొన్నరొట్టె మాడే వాసన, వీటి మధ్యే నాకు సాయంత్రం అయ్యేది.

మా గల్లీలో కరెంటు దీపం మొదట వచ్చింది షావుకారి ఇంటికే. ఆ పని చేసింది ఒక ముసలి ఉస్తాద్. పాన్ నమిలి నమిలి ఆయన పళ్లు ఇటుకముక్కల రంగుకు వచ్చాయి. కొత్తగా మీసం వచ్చిన మా అన్న ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నాడు. దీపం వెలిగిన మొదటి రోజు గల్లీ అంతా వాళ్ల వాకిట్లో నిలబడింది. కొందరు చేతులు జోడించారు. చాకలి అవ్వ మాత్రం నోరు తెరిచి పైకి చూసి, “అయితే బిడ్డా, అంత ఎత్తుకెక్కి అండ్ల నూనె ఎవలు పోస్తరు?” అని అడిగింది. షావుకారి భార్య తానే చమురు అన్నట్టు నవ్వింది.

సందెదీపం ఇంటి ఇల్లాలు ముట్టించాలి. అది అందరి ఇళ్లలో ఉన్న ఆచారమే. ఆమె దాన్ని బల్బుకు కూడా పట్టించింది. రోజూ మాపటి వేళ స్నానం చేసి, మడిచీర కట్టి, ఇత్తడి స్విచ్చికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, అప్పుడు నొక్కేది. అంతదాకా ఆ ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టకూడదు, ఎంత చీకటైనా.

వానకాలం. ఆ రోజు మబ్బుకు తొందరగా చీకటి పడింది. అమ్మ పాల క్యాను పట్టుకుని వాళ్ల హాలులోకి పోయింది. చిన్న చెంబుతో నేను గడప బయట ఉన్నాను. లోపల షావుకారి భార్య స్నానానికి పోయి ఉంది. కింద ఏదో పాకుతున్న చప్పుడు. వాళ్ల చిన్న పిల్లవాడు అమ్మ కాళ్లలోకి వచ్చాడు. తొక్కుతానేమో అని భయపడి, గోడ తడిమి, అమ్మ ఆ స్విచ్చి నొక్కింది.

వెలుగు పడింది. పిల్లవాడు అమ్మ పాదం పక్కనే ఉన్నాడు. అమ్మ వాణ్ని చూసి నవ్వింది. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే షావుకారి భార్య తడిచీరతో వచ్చింది.

“ఎవలు ముట్టిచ్చిన్రు దీపం?”

“నేనేనమ్మా. పిల్లగాడు కాళ్లల్లకు వచ్చిండు. చీకట్ల కనవడక…”

“నా ఇంట్ల సందెదీపం నువ్వు ముట్టిస్తవా? పేడ పిసికిన చెయ్యితోని? ఇగ లక్ష్మి ఉంటదానే ఈ ఇంట్ల?”

మైల కడగాలని చెంబెడు పసుపు నీళ్లు తెచ్చి స్విచ్చి మీద గుమ్మరించి, దాన్ని అరచేత్తో రుద్దింది. అంతే. కెవ్వుమని అరిచి వెనక్కి పడింది. దీపం ఆరిపోయింది. చీకట్లో ఆమె గొంతొక్కటే: “పాలది ఏమో చేసింది! నా దీపాన్ని చంపింది!”

కందీళ్లు వచ్చాయి. గల్లీ వచ్చింది. షావుకారు వచ్చాడు. ఆమె కింద కూర్చునే గడప వైపు వేలు చూపింది.

“ముక్కు నేలకు రాయి. అప్పుడు పో.”

అమ్మ క్యాను కింద పెట్టింది. నా వైపు ఒకసారి చూసి, నన్ను చూడనట్టే తల తిప్పుకుంది. మోకాళ్ల మీద కూర్చుని గడప రాతికి ముక్కు రాసింది. “ఇంకోపారి,” అంది షావుకారి భార్య. మళ్లీ రాసింది. చూస్తున్న వాళ్లలో మేము పాలు పోసే ఇళ్ల వాళ్లందరూ ఉన్నారు. ఒక్కరు కూడా పిల్లవాడి మాట ఎత్తలేదు. గడప మీద చిన్న నెత్తుటి మరక మిగిలింది.

ఇంటికి వచ్చాక ముక్కు మీద చన్నీళ్లు చల్లుకుని, అమ్మ రెండో బర్రె దగ్గర కూర్చుంది. “ముక్కుకేమైంది?” అన్నాడు బాపు. “గడప తాకింది,” అంది. బాపుకు గల్లీలో అప్పటికే తెలిసింది. కానీ ఎండాకాలం మా బర్రెలకు తెలగపిండి ఆ షావుకారి అరుగు మీదనుంచే రావాలి. బాపు దూడను కట్టేసి, కట్టిన ముడినే మళ్లీ విప్పి కట్టాడు.

ఆ రాత్రి నేను అన్నం ముందు కూర్చుని ఒకే మాట అనుకున్నాను. ఆమె చేత్తో ఆ దీపం వెలగకూడదు. అమ్మ చేత్తోనే వెలగాలి. అదే హాలులో, అదే జనం ముందు. ఎట్లా అన్నది నాకు తెలియదు.

తెలిసే దారి అన్నే చూపించాడు. వైర్‌మన్ పరీక్షకు పోవాలని ఉస్తాద్ వాడికి గుర్తులు గీసిన ఒక కాగితం ఇచ్చాడు. వాడికి అవి తలకెక్కేవి కావు. బర్రెల కొట్టం దగ్గర కూర్చుని జుట్టు పీక్కునేవాడు.

“అన్నా, ఆ రోజు దీపం ఎందుకు ఆరింది?”

“నీళ్లు పోస్తె ఆరదా? ఇత్తడికి, తడికి కరెంటు పాకుతది. ఫ్యూజు కొట్టేసింది.”

“అమ్మ చెయ్యి తాకినందుకు కాదా?”

“పిచ్చిదానా! కరెంటుకు ఎవలి చెయ్యి అన్నది ఏం ఎరుక?”

ఈ మాట వాడు వాకిట్లో అందరి ముందు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. అప్పుడే ఈనిన బర్రె పాలతో చేసిన జున్ను ఒక గిన్నె నా వంతుది వాడికిచ్చి, “నాకు నేర్పు,” అన్నాను. వాడు తింటూ నేర్పాడు. తర్వాత నేనే వాడికి నేర్పాల్సి వచ్చింది.

సున్నాలో గుణకారం గుర్తు వేస్తే దీపం. చిన్న సున్నాకు ఒక తోక ఉంటే స్విచ్చి. ఒకదాని కింద ఒకటి కురచవుతూ మూడు గీతలుంటే నేల, అంటే భూమిలోకి దించిన తీగ. “దూడ మూతి మీది ముడతలు యాదికి తెచ్చుకో,” అన్నాను. అది వాడు మళ్లీ మరిచిపోలేదు. సన్నటి డబ్బాలోంచి దారం దూరినట్టుంటే ఫ్యూజు. బరువు ఎక్కువైతే ముందు తెగేది అదే. మా అమ్మలాగా అనుకున్నాను, వాడికి చెప్పలేదు.

కాగితం మా ఇంట్లో చేతికి అందేది కాదు. ముగ్గు పిండి బోలెడుంది. పేడనీళ్లు చల్లిన వాకిట్లో తెల్లారగట్ల చుక్కలు పెట్టి, పద్మం గీసే చోట ఒక గది గీసేదాన్ని, దానికి రెండు తీగలు, ఒక దీపం, ఒక స్విచ్చి. “ఇదేం ముగ్గే పొల్లా, తలా తోకా లేదు?” అని చాకలి అవ్వ దాటుకుంటూ పోయేది.

ఒక పొద్దున ఉస్తాద్ అన్నను పిలవడానికి వచ్చి ముగ్గు ముందు ఆగిపోయాడు. చేతిలో సాసర్ ఉంది. అందులోని చాయ్ ఊదుకుంటూ చుట్టూ తిరిగి చూశాడు.

“గిది ముగ్గా, నక్షానా?”

“నక్షానే, చాచా.”

“బాగుంది. మనిషిని చంపే నక్షా.” వంగి వేలితో ఒక గీత చెరిపాడు. “చూడు బేటీ, రెండు తార్లు. ఒకటి గరం తార్, కరెంటు తెచ్చేది. ఇంకోటి ఠండా తార్, తీస్కపోయేది. నువ్వు స్విచ్చి ఠండా తార్ మీద పెట్టినవ్. స్విచ్చి బంద్ చేస్తె దీపం ఆరుతది. కానీ పైన కరెంటు అట్లనే కూసుంటది. ఆరింది గదా అని ఎవలన్న బల్బు మార్చనీకి చెయ్యి పెడితె ఖతం. స్విచ్చి ఎప్పుడూ గరం తార్ మీదనే. ఏమన్నవ్?”

“గరం తార్ మీదనే.”

ఆయన పోయాక ఆ చెరిపిన గీత ముందు చాలాసేపు కూర్చున్నాను. ఆ ఇంట్లో బల్బు తుడిచేది షావుకారి భార్య ఒక్కతే. మడి గనక ఇంకెవరినీ ముట్టనిచ్చేది కాదు. ఒక్క గీత అటుది ఇటు మారిస్తే చాలు. నేను దాన్ని నిజంగానే ఆలోచించాను. వద్దనుకున్నది జాలితో కాదు. చచ్చిన మనిషికి సిగ్గు తెలియదు. ఆమె బతికి ఉండి, చూసి, అడుక్కోవాలి.

చలికాలంలో షావుకారు మేడ మీద గది వేశాడు. మెట్లకు దీపం కావాలన్నాడు. ఆ పనికి ఉస్తాద్ కొత్తరకం స్విచ్చిలు తెచ్చాడు. ఒకే దీపానికి కింద ఒకటి, పైన ఒకటి. కింద వెలిగించి, పైకెక్కి ఆర్పుకోవచ్చు. గుర్తుల కాగితంలో చిన్న సున్నాకు రెండు తోకలున్నది ఇదే. అన్న దాని సంగతి చెప్పిన రోజు నాకు అన్నం సయించలేదు. ఒకే దీపం, రెండు చోట్ల నుంచి. ఆ రెండో చోటు ఎక్కడైనా ఉండవచ్చు కదా.

“అన్నా, హాలు దీపానికి ఇట్లాంటిదే పెడితే?”

“హాలుకు ఎందుకు? ఎవలు అడిగిన్రు?”

“ఒకటి వాళ్ల హాలుల. ఇంకోటి మన పాలగూట్ల.”

వాడు రొట్టె నమలడం ఆపేశాడు. “ఉస్తాద్‌కు తెలిస్తె బొక్కలు ఇరగ్గొడ్తడు.”

“అమ్మ ముక్కు మీద తోలు వచ్చిందా ఇంక?”

అప్పటికి మచ్చ పడింది, గోధుమగింజంత.

రెండు గదుల మధ్య గోడకు గురి చూసి తూటు వేయాలంటే అటు ఎక్కడో, ఇటు ఎక్కడో ఒకే చోటు దొరకాలి. ఆ లెక్క నాది. పాలు పోయడానికి అమ్మతో పోయినప్పుడు, దూడ తాడు చేతిలో పెట్టుకుని, నడిమి గోడ వీధి మూల నుంచి దాని మీదున్న వాళ్ల స్విచ్చి దాకా ఎంత దూరమో ముడి వేసుకుని వచ్చాను. ఎత్తు నా భుజంతో గుర్తు పెట్టుకున్నాను. అదే మూల నుంచి అదే తాడు మా వైపు పరిస్తే ముడి సరిగ్గా పాలగూటి వెనక గోడ మీద పడింది. అది చూసినప్పుడు దేవుడు కూడా నా దిక్కే ఉన్నాడనుకున్నాను.

షావుకారి కుటుంబం గుడిమల్కాపూర్ దిక్కు ఏదో పెళ్లికి పోయిన పగలు, షావుకారి ముసలి తల్లిని కాపలా పెట్టి మెట్ల దీపం పనికి అన్నకు ఇల్లప్పగించారు. ఆమెకు చూపు ఆనదు. అన్న హాలు స్విచ్చి ఇత్తడి టోపీ విప్పి, లోపలి గుండె మార్చి, పాత టోపీనే మళ్లీ బిగించాడు. చీనా గొట్టంలోంచి మూడు తీగలు మా గూట్లోకి వచ్చాయి. “ఏం చప్పుడురా?” అని ముసలమ్మ అడిగితే, “ఎలుకలమ్మా,” అన్నాడు. మా వైపు స్విచ్చిని బోర్లించిన కుండతో కప్పాను.

ఆ వారం నుంచి మొదలుపెట్టాను. అమ్మ పాలు పోయడానికి పోయే వేళ నేను గూటి దగ్గర. గొట్టం సందులోంచి అవతలి చప్పుడు బాగా వినబడేది. గాజుల చప్పుడు, పసుపు గిన్నె చప్పుడు, టక్. గొట్టంలో వెలుగు సన్నగా కనబడేది. నేను లోపల ఒకటీ రెండూ మూడూ అనుకుని నొక్కేదాన్ని. చీకటి. మళ్లీ టక్. మళ్లీ నేను. షావుకారు నొక్కితే వెలగనిచ్చేదాన్ని. వాళ్ల పనిమనిషి నొక్కినా వెలగనిచ్చేదాన్ని. ఆమె నొక్కితేనే కాదు.

“నా చెయ్యే ఎందుకు ఒప్పుతలేదు?” అని ఆమె ఏడ్వడం గోడలోంచి విన్నాను. బెల్లం ముక్క చప్పరిస్తూ విన్నాను.

ఉస్తాద్‌ను పిలిచారు. ఆయన ఇత్తడి టోపీ విప్పి చూస్తున్న చప్పుడు, తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. మళ్లీ టోపీ బిగించాడు.

“తార్ బరాబర్ ఉన్నది అమ్మా. దీపం ఎవరి చేతికి ఎందుకు ఒప్పదో నాకేం ఎరుక? అది మీ ఇంటి మాట.”

బయటికి వచ్చి మా వాకిట్లో ఆగాడు. ఆ పొద్దు ముగ్గులో చిన్న సున్నా, దానికి రెండు తోకలు ఉన్నాయి. చెరపడం మరిచిపోయాను. ఆయన ముగ్గును చూశాడు, నన్ను చూశాడు.

“గరం తార్ మీదనే పెట్టిండా నీ అన్న?”

“ఆ, చాచా.”

“ఆ ఇంట్ల నాకు నీళ్లు ఎట్ల పోస్తరో చూసినవా ఎప్పుడన్న?” రెండు చేతులూ దోసిలి చేసి నోటి దగ్గర పెట్టుకుని, ఎత్తు నుంచి పడే నీళ్లు తాగుతున్నట్టు తల వంచి చూపాడు. తర్వాత చేతులు దులుపుకుని, చెప్పుతో ఆ రెండు తోకల గుర్తును ఆయనే చెరిపి వెళ్లిపోయాడు.

శుక్రవారం వచ్చింది. వాళ్లింట్లో పేరంటం. గల్లీ ఆడవాళ్లందరూ ఆ హాలులో ఉన్నారు. షావుకారి భార్య పట్టుచీర కట్టి స్విచ్చికి బొట్టు పెట్టి నొక్కింది. వెలిగింది. ఆడవాళ్లు దండం పెట్టబోయారు. ఆర్పాను. మళ్లీ నొక్కింది. ఆర్పాను. గుసగుసలు మొదలయ్యాయి. మూడోసారి ఆమె నొక్కకుండా నిలబడింది. గొట్టంలోంచి ఆమె ఊపిరి వినబడింది.

చీకట్లో ముసలి అత్త గొంతు వచ్చింది. “కోడలా, ఏడిపిచ్చి ఎవలి ముక్కు రాపిచ్చినవో యాదికి తెచ్చుకో. పిల్లగాణ్ని తొక్కొద్దని ముట్టిచ్చిందట ఆమె. దీపానికి ఎరుకైంది, నీకే ఎరుకగాలే. పో, పిలువు.”

“నేనా? నేను పోయి పిలవాల్నా?”

“ఇంకెవలు పోతరు? నేను పోవాల్నా, కండ్లు లేనిదాన్ని?”

షావుకారి భార్య స్వయంగా వచ్చింది. అమ్మ అప్పుడే కుడితి కలుపుతోంది. నేను గూటి చాటున ఉన్నాను. “ఒక్కసారి వచ్చి దీపం ముట్టియ్యవే, అక్కా,” అంది. అంతదాకా ఆమె అమ్మను పిలిచింది “ఏయ్” అనే.

“చెయ్యి పేడచెయ్యమ్మా,” అంది అమ్మ. వెక్కిరింపు లేదు. ఉన్నదున్నట్టు చెప్పింది.

“అట్లనే రా.”

అమ్మ చెయ్యి కూడా కడగకుండా పోయింది. నేను గొట్టానికి చెవి పెట్టాను. చాలాసేపు ఏమీ లేదు. అమ్మ ఆ స్విచ్చిని ముట్టడానికి భయపడుతోందని తెలుస్తోంది. భయపడకు, భయపడకు అని గోడకు చెప్పాను. టక్. వెలుగు వచ్చింది. నేను రెండు చేతులూ వీపు వెనక పెట్టుకున్నాను. వెలుగు అట్లాగే ఉంది.

అమ్మ తిరిగి వచ్చేసరికి నుదుట పెద్ద బొట్టు, కొంగులో రవికె గుడ్డ, తమలపాకులు, అరటిపండ్లు. ఆకులు చల్లగా ఉంటాయని పాలగూట్లో పెట్టబోయి, కుండ జరిపింది. ఇత్తడి మెరిసింది.

“గిదేంది?”

అంతా చెప్పాను, నిలబడే చెప్పాను. చెంపదెబ్బకు సిద్ధంగా ఉన్నాను. అమ్మ స్విచ్చినే చూస్తోంది.

“ఎట్ల ఒత్తాలె?” అంది.

“కిందికి.”

చేతిని కొంగుకు తుడుచుకుని నొక్కింది. గోడ అవతల, “వామ్మో, మళ్ల పోయిందే!” అని కేక. అమ్మ తల కొంచెం పక్కకు వంచి ఆ కేకను చివరిదాకా విన్నది. ముక్కు కొస మీది మచ్చను వేలితో తడుముకుంది. మళ్లీ నొక్కి వెలిగించింది. కుండ యథాప్రకారం బోర్లించింది.

“బర్రెలకు గడ్డి వెయ్యలే ఇంక,” అని కొట్టంలోకి వెళ్లింది.

ఆ తర్వాత ఏళ్ల తరబడి, తాను చనిపోయే దాకా, ప్రతి శుక్రవారం సందెవేళ షావుకారి భార్య మా గడపకు వచ్చి అమ్మను తీసుకుపోయేది. బొట్టు పెట్టడానికి అమ్మ ముఖం దగ్గరికి ముఖం తేవాల్సి వచ్చేది. అంత దగ్గర నుంచి ఆ మచ్చ కనబడకుండా ఉండదు. పెద్దయ్యాక జాలి వచ్చి ఉంటుంది అనుకుంటారు ఈ కథ విన్నవాళ్లు. నాకు రాలేదు. అమ్మకు వచ్చిందేమో, అడగలేదు. ఆ కుండ మాత్రం అమ్మ ఉన్నన్నాళ్లు ఎవరినీ తీయనివ్వలేదు.

చాయ్ తాగి పనివాడు తిరిగి వచ్చాడు. “అమ్మా, తెంపేముందు అవతల కొసలు ఏడ తేలినయో చూడాలె. అండ్ల కరెంటు ఉంటె కష్టం.”

ఆ ఇల్లు చేతులు మారి ఇప్పుడు పూలబుట్టలు పెట్టే గోదాము అయింది. తాళం మా దగ్గరే ఇచ్చి పోతారు. నేనే ముందు నడిచాను. తలుపు మారింది, గోడలు మారాయి. గడప రాయి మాత్రం అదే. నడుమ అరిగి నున్నగా అయింది.

మా ఇంట్లో పిల్లలు గడప తొక్కితే నేను ఊరుకోను. లక్ష్మి ఉండే చోటు, దాటాలి గానీ తొక్కకూడదని చెవి మెలిపెట్టి చెబుతాను. తాళం తీసి, ఆ రాతి మీద ముందు కుడికాలు, తర్వాత ఎడమకాలు పూర్తిగా మోపి, లోపలికి దిగాను.

“అయ్యో, గడప తొక్కినవమ్మా,” అన్నాడు వెనక నుంచి.

“ఎరుకనే బిడ్డా,” అన్నాను.